పేజీ సైజు గారి బదిలీ

సోమవారం పొద్దున్నే రాష్ట్ర స్వదేశీ గణన సంస్థ, కర్నూలు కార్యాలయంలో కంపైలర్ పడకేసింది.

కంపైలర్ అంటే ఏదో భూతం కాదులెండి. మనం రాసుకున్న ప్రోగ్రామును కంప్యూటరుకు ఎక్కే భాషలోకి దించిపెట్టే సాధనం. అలాంటివి లోకంలో ఉచితంగా బోలెడు దొరుకుతాయి. అయినా మనది మనకుండాలని ఒకప్పటి ఏలినవారికి పట్టుదల కలిగింది. ఆ పట్టుదల ఫలితమే 'అక్షయ'. ప్రభుత్వానికి సంబంధించిన ఏ సాఫ్ట్‌వేరైనా అక్షయ చేతుల మీదుగానే బయటికి రావాలని జీవో కూడా ఉంది. మరి ఆ అక్షయను ఎవరు తయారుచేసి పెట్టాలి? కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టం మారినప్పుడల్లా దాన్ని మళ్ళీ మొదటినుంచీ కట్టుకుంటూ రావాలి. ఆ పని గొర్లె నీలవేణిది.

శుక్రవారం హెడ్డాఫీసు నుంచి ఆర్డరొచ్చింది, భద్రత దృష్ట్యా అందరూ కొత్త ఆపరేటింగ్ సిస్టం వేసుకోవాలని. వేసుకున్నారు. సోమవారం నీలవేణి అక్షయను కట్టబోతే సగంలో ఆగిపోయి, తెర మీద ఒక్క ముక్క చెప్పింది: 'పేజీ సైజు ఎవరో నాకు తెలియదు.'

నీలవేణి కంగారు పడలేదు. ఇలాంటివి చాలా చూసిన మనిషి. ఆపరేటింగ్ సిస్టం తనతోపాటు కొన్ని హెడర్ ఫైళ్ళు ఇస్తుంది. తన దగ్గర ఏ సామాను ఎక్కడుందో చెప్పేవి అవే. కంప్యూటరు జ్ఞాపకశక్తిని ముక్కలు ముక్కలుగా వాడుకుంటుంది కదా, ఒక్కో ముక్క ఎంతుండాలో చెప్పే కొలతే పేజీ సైజు. నిన్నటిదాకా అది 'టైప్స్' అనే హెడర్లో ఉండేది. కొత్త సిస్టం వాళ్ళు దాన్ని తీసుకెళ్ళి 'మెమరీ' అనే హెడర్లో పెట్టారు. వంటింట్లో చింతపండు డబ్బా పై అరలోంచి కింది అరలోకి మార్చారనుకోండి. వంటాయన పై అర తడిమి చూసి, ఈ ఇంట్లో చింతపండే లేదని గరిటె విసిరేశాడు. అంతే జరిగింది. కింది అర కూడా చూడు నాయనా అని ఒక్క లైను రాస్తే సరి.

రాసింది. బల్ల మీద టీ చల్లారకముందే ఆమె కంప్యూటర్లో అక్షయ లక్షణంగా లేచి కూర్చుంది. నీలవేణి వరండాలోకి పరుగెత్తి మొగుడికి ఫోన్ చేసింది.

"ఏటే, ఇంత పొద్దున్నే?" అన్నాడు సన్యాసినాయుడు. సోంపేట హైస్కూల్లో లెక్కల మాస్టారు.

"అక్షయ బాగైపోయింది. ఈ వారంలో కౌన్సెలింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చేస్తాది. నా పేరే మొదటుంది."

"నిజమేనేటి? ఈసారన్నా?"

"ఈసారే!" అంది నీలవేణి. ఆ మాట వరండా అంతా వినపడేలా అరిచింది.

ఎందుకు అరవదూ? ఆమె ఉద్యోగం కర్నూల్లో, కాపురం సోంపేటలో. రాష్ట్రానికి అది ఆ కొస, ఇది ఈ కొస. పైగా సోంపేటలో ఎక్కువ రైలుబళ్ళు ఆగవు. ఏ సెలవుకైనా వెళ్తే పలాసలో దిగి, బస్సెక్కి, ఇంటికి చేరి, పిల్లను ఎత్తుకుని దించేసరికి తిరుగు ప్రయాణం. కూతురు లిఖిత ఇంకా బడిలో చేరలేదు. నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఆమధ్య ఆ గుంట నాయనమ్మని 'ఇంటమ్మ' అనీ, నీలవేణిని 'ఫోనమ్మ' అనీ పిలవడం మొదలెట్టింది. అందరూ పడీ పడీ నవ్వారు. నీలవేణి కూడా నవ్వి, ఫోన్ పెట్టేసి, ఆఫీసు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

బదిలీల మీద ఎప్పుడూ ఉండే నిషేధాన్ని సర్కారు ఈ నెలాఖరు దాకా ఎత్తేసింది. భార్యాభర్తలు ఒకచోట ఉండేందుకు ఇచ్చే కోటాలో నీలవేణి సంస్థకు దక్కింది ఒక్క బదిలీ. ఆ జాబితాలో మొదటి పేరు ఆమెదే. బదిలీలు జరిపే కౌన్సెలింగ్ సాఫ్ట్‌వేరు కొత్త సిస్టం మీద నడవాలి. దాన్ని అక్షయ తయారుచేయాలి. అక్షయ బాగుపడింది. ఇంకేం అడ్డం? ఒక్క సంతకం. సూపరింటెండెంటు అహోబలరావు గారి సంతకం.

అహోబలరావు గారు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షను. ఆయనకి కంప్యూటర్‌తో పరిచయం లేదు గానీ, కంప్యూటరు లోపల ఉండేవాటి సర్వీసు వ్యవహారాలన్నీ ఆయనే చూస్తారు. ఆశ్చర్యపోకండి, దానికో కథ ఉంది.

ఒకప్పుడు ఆడిట్ వాళ్ళొచ్చి, ఈ సంస్థలో ఇంతమంది సిబ్బంది దేనికి, వీళ్ళు చూసుకునేది ఏమిటి అని నిలదీశారు. చూపించడానికి రోడ్లా, చెరువులా? అప్పటి డైరెక్టరు బుర్ర ఉన్నవాడు. అక్షయలో కనిపించే, పేజీ సైజు లాంటి ప్రతి నిర్వచనమూ ఒక మంజూరైన పోస్టనీ, ఆ పోస్టుల పర్యవేక్షణకే తామంతా ఉన్నామనీ సమాధానం రాసి పారేశాడు. ఆడిట్ వాళ్ళు తృప్తిగా భోంచేసి వెళ్ళిపోయారు. ఆయన అన్న మాట నిజం చేయాలి కాబట్టి సెక్షన్ వాళ్ళు కూర్చుని ప్రతి నిర్వచనానికీ సర్వీసు రిజిస్టరు తెరిచారు. చేరిన తేదీ, సొంత ఊరు, పుట్టుమచ్చలు, ఏ గడీ వదల్లేదు. పేజీ సైజు పేరులో రెండు మాటల మధ్య కింద గీత ఉంటుంది కదా, దాని పుట్టుమచ్చల గడిలో 'మధ్యలో ఒక అండర్‌స్కోరు' అని రాసి ఉంది. ఆపరేటింగ్ సిస్టం ఇచ్చే నిర్వచనాలు పరాయివి కదా, వాటిని డెప్యుటేషన్ మీద వచ్చినవారిగా చూపించారు.

అహోబలరావు గారు నీలవేణి రాసిన లైనును కాగితం మీద అచ్చు వేయించుకుని, కళ్ళజోడు సవరించుకుని చదివారు. ఒక్క లైనే గాబట్టి చాలాసేపు చదివారు.

"ఏమ్మా నీలవేణీ, ఈ పేజీ సైజు టైప్స్‌లో పనిచేస్తా ఉండె కదా. మెమరీకి ఎవురు పంపిరి?"

"ఆపరేటింగ్ సిస్టం వాళ్ళు మార్చారు సార్."

"మన దగ్గర నిరభ్యంతర పత్రం తీసుకునిరా?"

"వాళ్ళకి మనం ఉన్నట్టే తెలీదు సార్."

"అట్లెట్ల కుదురుతుందమ్మా?" అహోబలరావు గారు నొచ్చుకున్నారు. "రిలీవింగ్ ఆర్డరు లేదు. ఛార్జి అప్పజెప్పినట్టు సంతకం లేదు. అక్కడ చేరినట్టు రిపోర్టు లేదు. దీన్ని సర్వీసు భాషలో ఏమంటారు?"

"హెడర్ మారిందంటారు సార్. ఒక్క లైను..."

"అనధికార గైర్హాజరు అంటారు! ఇప్పుడు నీ లైనుకు నేను సంతకం పెడితే ఏమైతుందో తెలుసునా? చెప్పాపెట్టకుండా పోయినవానికి కొత్త అడ్రసు నేనే రాసిచ్చినట్టు. రేపు నా పెన్షను ఏమి కావల్ల?"

ఆ లైను ఫైలెక్కింది. ఫైలు డైరెక్టరు గారి గదికెక్కింది.

డైరెక్టరు మార్కండేయులు గారు చిరునవ్వు చెరగని మనిషి. ఏ సంగతి చెప్పినా 'సమగ్రంగా, సానుకూలంగా, సత్వరంగా పరిశీలిద్దాం' అంటారు. ఆ మూడు మాటలూ పడ్డ ఫైలుకి ఇక మోక్షం ఉండదని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆయన సమావేశం పెట్టారు. నీలవేణిని కూడా పిలిచి, చివరి కుర్చీలో కూర్చోబెట్టారు.

"సార్, నెలాఖరుకి గడువైపోతుంది. ఒక్క లైనుకి అనుమతిస్తే..." అంది నీలవేణి.

"మేడమ్ గారి ఆత్రుతను ఈ సంస్థ గుర్తిస్తోంది," అన్నారు మార్కండేయులు గారు. "కానీ సమస్య లైనుది కాదు, క్రమశిక్షణది. ఇవాళ పేజీ సైజు కదిలింది, మనం ఊరుకున్నాం అనుకుందాం. రేపు మిగతా నిర్వచనాలన్నీ తమకి నచ్చిన హెడర్లకి వెళ్ళిపోతామంటే అక్షయ పరిస్థితి ఏమిటి? కాబట్టి ముందుగా సంజాయిషీ కోరుదాం."

కోరారు. మెమో ఇలా తయారైంది: 'టైప్స్ నందు విధులు నిర్వర్తించుచుండిన పేజీ సైజు అను నీవు, పై అధికారుల అనుమతి లేకుండా మెమరీ నందు కనిపించుట ప్రవర్తనా నియమావళికి విరుద్ధము. నీపై ఏల చర్య తీసుకొనరాదో మెమో అందిన వెంటనే లిఖితపూర్వకముగా తెలియజేయవలెను.'

ఇక మెమో అందించడం ఎలా? ఉద్యోగి దొరక్కపోతే చివరిసారి కనిపించిన చోట అంటించాలని నిబంధన. పేజీ సైజు చివరిసారి కనిపించింది నీలవేణి కంప్యూటర్లో. సెక్షన్ వాళ్ళు జిగురు డబ్బాతో వచ్చి, ఆ పెట్టె వెనక గాలి పోయే చిల్లుల మీద మెమో శుభ్రంగా అంటించి వెళ్ళారు. కాసేపటికి పెట్టె వేడెక్కి ఠపీమని ఆగిపోయింది. అహోబలరావు గారు ఆ పెట్టె మీద చెయ్యి వేసి చూసి, ఫైల్లో రాసుకున్నారు: 'నోటీసు స్వీకరించిన పిమ్మట ఉద్యోగి తీవ్ర ఆవేశమునకు లోనైనాడు. లిఖితపూర్వక సమాధానము లేదు.'

నీలవేణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గోరుతో గీకి గీకి ఆ కాగితం ఊడదీసింది. ప్రభుత్వ నోటీసు చింపినందుకు ఆమెకీ ఒక మెమో వచ్చింది.

ఈలోగా హెడ్డాఫీసు నుంచి ఫోన్లు. రాష్ట్రమంతా బదిలీల కోసం నోరు తెరుచుకుని చూస్తోంది, సాఫ్ట్‌వేరు ఏదీ? మార్కండేయులు గారికి చెమట పట్టింది. సీటు ఖాళీగా ఉంచకూడదు గదా, విచారణ తేలేదాకా ఇంకెవరికైనా ఇన్‌ఛార్జి ఇద్దామన్నారు. అహోబలరావు గారు రిజిస్టర్లన్నీ తిరగేసి, సీనియారిటీ ప్రకారం బఫర్ సైజును ఎంపిక చేశారు. అది దేనికో వేరే దానికి పెట్టుకున్న కొలత. దానికీ దీనికీ పొత్తు లేదు.

"సార్, చెప్పుల సైజు తీసుకెళ్ళి చొక్కా కుట్టమన్నట్టుంటుంది," అంది నీలవేణి.

"పూర్తి అదనపు బాధ్యతలు అంటే అంతేనమ్మా," అన్నారు అహోబలరావు గారు. "పశువైద్యం చూసే ఆయన మత్స్యశాఖకు ఇన్‌ఛార్జి ఉండలేదా? చేపలు ఏమన్నా కంప్లయింటు ఇచ్చినయా?"

ఆర్డరు ఆర్డరే. పేజీ సైజు కుర్చీలో బఫర్ సైజును కూర్చోబెట్టి నీలవేణి అక్షయను కట్టింది. ఏ గొడవా లేకుండా లేచింది! మార్కండేయులు గారు అందరికీ మైసూర్‌పాకు పంచారు. పరీక్షగా 'నమస్కారం' అని తెర మీద చూపించే బుల్లి ప్రోగ్రామొకటి ఇచ్చారు అక్షయకి. అది 'నమస్కా' అని చూపించి కుప్పకూలింది.

మార్కండేయులు గారు తెరకేసి తృప్తిగా చూశారు. "ఇన్‌ఛార్జి వాళ్ళ దగ్గర ఇంతకంటే ఎక్కువ ఆశించకూడదు. అయినా మర్యాద ఉద్దేశం కనపడుతోంది."

కౌన్సెలింగ్ సాఫ్ట్‌వేరు మాత్రం మర్యాద ఉద్దేశంతో నడవదు గదా! అనంతపురం కోరుకున్న ఒకాయన్ని ఎక్కడికి వేయాలంటే, 'బంగాళా' అని ఊరుకుంది. ఖాతమా, దుంపా, పూర్తిచేయకుండానే పడిపోయింది. దాంతో శాఖాపరమైన విచారణకి ఆదేశించక తప్పలేదు.

విచారణాధికారి బ్రహ్మయ్య గారు రిటైరైన మనిషి. అన్ని శాఖల వాళ్ళూ విచారణలకి ఆయన్నే పిలుస్తుంటారు. ఫ్లాస్కులో సొంత కాఫీ తెచ్చుకుంటారు, ఎవరి దగ్గరా మంచినీళ్ళు కూడా ముట్టరు. నిందితుడు హాజరు కాలేదు గనక, ఆయన తరఫున ఎవరైనా మాట్లాడాలన్నారు. నీలవేణి లేచి నిలబడింది. దేవుడా, ఈ తంతు ఎంత తొందరగా తెమిలితే అంత తొందరగా నా బిడ్డ దగ్గరకి వెళ్తాను, ఏం అడిగితే అది చెప్పేస్తాను అనుకుంది.

"నిందితుడి నడవడిక ఎలాంటిదమ్మా?"

"ఎప్పుడూ మారదు సార్. ఎన్నిసార్లడిగినా ఒకటే విలువ చెప్తుంది."

"స్థిరచిత్తుడు, విలువలున్నవాడు," అని గుమాస్తాకి చెప్పారు బ్రహ్మయ్య గారు. "తాగుడూ అదీ?"

"లేదు సార్."

"మరి అలాంటివాడు ఉన్నట్టుండి టైప్స్ వదిలి మెమరీకి ఎందుకు వెళ్ళాడు? నాకు నిజం కావాలి."

నీలవేణి నిజమే చెప్పింది. "అక్కడ పేజీ షిఫ్టు ఉంది సార్."

బ్రహ్మయ్య గారు కలం దించారు. "ఎవరావిడ?"

"ఆవిడ కాదు సార్, అదీ ఒక నిర్వచనమే. ఆ కొలతనే ఇంకో రకంగా చెప్తుంది. ఈ రెంటినీ ఎప్పుడూ కలిపే వాడతారు. ఒకటి మారితే రెండోదీ మారాలి. ఇన్నాళ్ళూ అది ఒక ఫైల్లో, ఇది ఒక ఫైల్లో ఉండి అందరికీ ఇబ్బందయ్యేది. అందుకని ఒకచోటికి చేర్చారు. అంతే సార్."

"ఎప్పుడూ కలిసేనా?"

"ఎప్పుడూ కలిసే. ఒకటి లేకుండా రెండోది ఉన్నా లేనట్టే సార్."

ఆ మాట ఆమె పేజీ సైజు గురించే అంది. కానీ అంటుంటే ఆమెకి సోంపేట ఇల్లు కళ్ళ ముందు కదిలింది, కళ్ళు చెమ్మగిల్లాయి. బ్రహ్మయ్య గారు ఆ కళ్ళు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నేనూ మా ఆవిడా సర్వీసంతా చెరొక ఊళ్ళో చేశాం తల్లీ. రిటైరయ్యాక కలుసుకున్నాం. కలుసుకున్నాక చూస్తే మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. ఆవిడ టీవీ చూసుకుంటుంది, నేను విచారణలు చేసుకుంటున్నాను." ఆయన ఫ్లాస్కు మూత బిగించారు. "నీదీ ఇలాంటి కేసేనా?"

"అవును సార్."

"బాధపడకు. ముందు వీళ్ళది తేల్చనీ."

బ్రహ్మయ్య గారు మంచివారు. ఆ సంగతిలో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. నివేదిక చదివినవాళ్ళు కంటతడి పెట్టకుండా ఉండలేకపోయారట. నిందితుడు చేసింది పొరపాటే గానీ పాపం కాదనీ, కట్టుకున్నదాని దగ్గరికి పోవడం నేరమైతే ఈ రాష్ట్రంలో నేరస్థుడు కానివాడెవడనీ రాశారు. కాబట్టి ఈ బదిలీని మానవతా దృక్పథంతో క్రమబద్ధం చేయాలని సిఫారసు చేశారు.

మార్కండేయులు గారు సమగ్రంగా, సానుకూలంగా, ఎన్నడూ లేనిది సత్వరంగా కూడా సంతకం పెట్టేశారు. పేజీ సైజును టైప్స్ నుంచి రిలీవ్ చేశారు. మెమరీలో చేరినట్టు రిపోర్టు దాని తరఫున నీలవేణే రాసి ఇచ్చింది. బఫర్ సైజు అదనపు బాధ్యతల నుంచి గౌరవంగా తప్పుకుంది. ఆ తర్వాతే, అన్నీ సక్రమంగా ఉన్నాయి గనక, నీలవేణి ఒక్క లైనుకి అనుమతి దొరికింది. మొదటి సోమవారం టీ చల్లారకముందు రాసిన ఆ లైనే, అక్షరం మారలేదు.

అక్షయ లేచింది. 'నమస్కారం' అని నిండుగా పలికింది. కౌన్సెలింగ్ సాఫ్ట్‌వేరు తయారైంది. గడువు ఆఖరి రోజున రాష్ట్రమంతా దాని మీద పడింది. అనంతపురం ఆయనకి అనంతపురమే వచ్చింది. నీలవేణి అందరికంటే ముందు కూర్చుంది. తన నంబరు కొట్టింది, భార్యాభర్తల కోటా ఎంచుకుంది, సోంపేటకి దగ్గర్లో ఖాళీ ఉన్న పలాస ఆఫీసు ఎంచుకుంది. బటన్ నొక్కింది.

తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి: 'ఈ కోటాలో మీ సంస్థకు కేటాయించిన బదిలీ వినియోగింపబడినది. లబ్ధిదారు: పేజీ సైజు.'

నీలవేణి మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. ఆమె అహోబలరావు గారి గదిలోకి ఎలా వెళ్ళిందో ఆమెకే గుర్తులేదు.

"సార్, నా బదిలీ పేజీ సైజుకి ఇచ్చేశారా?"

"నీ బదిలీ అనకూడదమ్మా, సంస్థ బదిలీ," అన్నారు ఆయన మెత్తగా. ఆయనకీ బాధగానే ఉంది, ఉన్నమాట చెప్పుకోవాలి. "క్రమబద్ధం చేయాలంటే ఏదో ఒక కోటాలో చూపించల్ల కదా. విచారణ రిపోర్టులో దంపతులని ఉంది. ఉండేది ఒక్కటే. నేను మాత్రం ఏమి చేసేది?"

"అది మనిషి కాదు సార్!"

"మనిషని నేను యాడ రాసినానమ్మా? ఉద్యోగి అని రాసినా. ఉద్యోగి మనిషే కావల్లనని రూల్లో లేదు."

"దాన్ని రద్దు చేయండి. దానికేమన్నా తెలుస్తుందా? ఏడుస్తుందా?"

"చేస్తే దంపతులను విడదీసినట్టు అవుతుంది. నువ్వే కదమ్మా సాక్ష్యం చెప్పింది, ఒకటి లేకుంటే రెండోది లేనట్టేనని?"

నీలవేణి వెనక్కి తిరిగింది. తన సీటు దగ్గరికొచ్చి కూర్చుంది. ఆ ఒక్క లైను తెర మీద ఉంది. వేలితో ఒక్క నొక్కు నొక్కితే లైను పోతుంది, అక్షయ పడిపోతుంది, బదిలీలన్నీ ఆగిపోతాయి. దుంపతెగ, పోనీ అనుకుంది. వేలు మీట దాకా వెళ్ళింది కూడా. కానీ కౌన్సెలింగ్ తెర మీద పేర్లు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. ఆదోని నుంచి అమలాపురం, పలమనేరు నుంచి పార్వతీపురం. ఎవరెవరి పిల్లలో ఎవరెవరి కోసమో ఎదురుచూస్తుంటారు. నీలవేణి వేలు వెనక్కి తీసుకుంది. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేయలేదు, వచ్చిన ఫోన్ ఎత్తలేదు. ఏమని చెప్తుంది? నా బదిలీ ఒక కొలత ఎత్తుకుపోయిందని చెప్తే లెక్కల మాస్టారైనా నమ్ముతాడా?

మర్నాడు వీడ్కోలు సభ. బదిలీ అయిన ఉద్యోగికి శాలువా కప్పి, దండ వేసి పంపడం ఆ సంస్థలో ఆచారం. పేజీ సైజు విషయంలో ఆ ఆచారం తప్పితే రేపు ఇంకొకరు నొచ్చుకుంటారు కదా అన్నారు మార్కండేయులు గారు. వెనక బ్యానరు కట్టారు: 'బదిలీపై వెళ్ళుచున్న సందర్భముగా ఆత్మీయ వీడ్కోలు'. ఎవరికో రాయలేదు, ఏడాదంతా పనికొస్తుందని అదే బ్యానరు వాడతారు. సన్మానం అందుకోవడానికి ఉద్యోగి రాలేడు గాబట్టి, ఆయన తరఫున వాదించిన నీలవేణిని వేదికెక్కించారు.

"పేజీ సైజు గారు ఈ సంస్థలో ఎవరినీ ఒక్క మాట అనలేదు," అని మార్కండేయులు గారు గద్గదంగా చెప్పారు. "ఏనాడూ సెలవు పెట్టలేదు. ఆయన దాంపత్య జీవితం సుఖంగా సాగాలని కోరుకుంటున్నాను." చప్పట్లు మోగాయి. శాలువా నీలవేణి భుజాల మీద పడింది. దండ మెడలో పడింది. ఫొటో తీసేవాడు నవ్వమన్నాడు. అలవాటు కొద్దీ ఆమె నవ్వింది. ఆ ఫొటో క్షణాల్లో సంస్థ వారి వెబ్ పేజీలోకి ఎక్కింది.

నీలవేణి వేదిక దిగిందో లేదో ఫోన్ మోగింది. ఎత్తకూడదనుకుంది, కానీ చెయ్యి ఊరుకోలేదు.

"అమ్మా! ఫొటో చూసేం! దండేసుకున్నావు! నాన్న అందరికీ సూపిస్తన్నాడు! ఏ బండికొస్తన్నావు?"

లిఖిత. ఫోనమ్మా అనలేదు, అమ్మా అంది. వెనక నుంచి సన్యాసినాయుడు గొంతు వినపడుతోంది: "రాత్రంతా ఫోన్ ఎత్తకపోతే భయపడ్డాం గదే! ఇదా సంగతి? ఏ బండో చెప్పు, స్టేషన్‌కి ఇద్దరం వస్తాం."

సరిగ్గా అప్పుడే అహోబలరావు గారు దగ్గరికొచ్చి, చెయ్యి చాచారు.

"ఏమనుకోవద్దమ్మా. ఆ శాలువా ఇట్లియ్యి. అది ఉద్యోగిది. రిజిస్టరుకు కట్టి మెమరీకి పంపల్ల."

నీలవేణి ఆయన్ని చూసింది. కోపం నెత్తికెక్కింది. శాలువా తీయలేదు. ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

"మా పాప సార్. ఏ బండికొస్తున్నానో అడుగుతోంది. మీరే చెప్పండి. చెప్పి శాలువా పట్టుకెళ్ళండి."

అహోబలరావు గారు ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. దగ్గారు.

"ఎవురమ్మా?"

"నువ్వెవరు? మాయమ్మేది? మాయమ్మ ఏ బండికొస్తాది?"

ఆయన అటూ ఇటూ చూశారు. బ్యానరు కేసి చూశారు, దండ కేసి చూశారు, నీలవేణి ముఖం కేసి మాత్రం చూడలేకపోయారు. ఏదో ఒకటి చెప్పాలి. సర్వీసంతా నోట్లో నానిన ముక్కే వచ్చింది.

"మీ అమ్మ... ప్రాపర్ ఛానల్‌లో వస్తుందమ్మా."

అవతల ఆలోచిస్తోంది పిల్ల.

"ఆ బండి సోంపేటలో ఆగుతాదా?"

ఏ ప్రశ్నకైనా రూలు తీసి చూపించే అహోబలరావు గారు ఈ ప్రశ్నకి మాత్రం ఫోను నీలవేణి చేతిలో పెట్టి, శాలువా సంగతి మరిచిపోయి, తల వంచుకుని తన సెక్షను వైపు నడిచారు. ఫోన్లో లిఖిత ఇంకా అడుగుతూనే ఉంది.